పొట్ట మీద గుడగుడ

ప్రియమైన వసంతా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వరుసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి, అందుకే ఆలస్యం. చిన్నదాని దగ్గు తగ్గిందా? అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

రెండు నెలలుగా శనివారం మధ్యాహ్నాలు ఫోను ముందు కూర్చుంటున్నాను. వేర్వేరు ఆసుపత్రుల నర్సులం వీడియోలో కలుసుకుని కేసులు చెప్పుకుంటాం. రోగి పేరు, ఫోటో ఉండవు. వయసు, జబ్బు, మనం చేసిన పని, అంతే. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యుడు మొదలుపెట్టిన 'ఎకో' పద్ధతి ఇది. హెపటైటిస్ సి రోగులు ఆయన కోసం నెలల తరబడి ఆగవలసి వచ్చేదట. వాళ్లను రప్పించే బదులు ఊళ్లలోని వైద్యులకే వీడియోలో తన విద్య నేర్పాడు. నేను మాత్రం నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి అయిదేళ్లలో చూపించవలసిన 150 గంటల శిక్షణ కోసమే చేరాను.

పోయిన వారం నా వంతు. పక్షవాతం వచ్చిన మామ్మగారు, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబుతో ఆహారం. ట్యూబు సరైన చోటే ఉందని ఎలా చూస్తున్నావని ఒక పెద్దావిడ అడిగారు. సిరంజితో గాలి పంపి, పొట్ట మీద స్టెత్ పెట్టి గుడగుడ వింటానన్నాను. మనకు నేర్పిందీ అదే కదా! "ట్యూబు ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆ చప్పుడు వినిపించవచ్చమ్మా" అన్నారావిడ నెమ్మదిగా. బ్రిటన్‌లో 2005లోనే ఆ పరీక్ష వద్దని హెచ్చరించారట. నా గుండె ఝల్లుమంది. పదమూడేళ్లుగా ఆ చప్పుడునే నమ్ముకున్నాను వసంతా.

ఇన్‌చార్జి సిస్టర్‌తో ఇండెంట్ పెట్టించి ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితాలు తెప్పించాను. ఇప్పుడు ట్యూబులోంచి కొద్దిగా రసం లాగి కాగితం మీద చుక్క వేస్తాను. పొట్టలో రసం ఆమ్లం కదా, పీహెచ్ అంకె 5.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తేనే ఫీడు. ఆమ్లం తగ్గించే మందు వాడేవాళ్లకు అంకె పెరగవచ్చు. అప్పుడు ఎక్స్-రే తీయించాలి. మొన్న మామ్మగారి పక్కన నిలబడి, పసుపు కాగితం ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టాను.

కోపం తెచ్చుకోకు, నువ్వు పంపిన పడక పుండ్ల చిట్కా మాత్రం తప్పు. ఎర్రబడిన చోట మర్దన చేస్తే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. ఒత్తిడి తగ్గేలా పక్కకు తిప్పాలి. ఆ చిట్కా ఇంకెవరికైనా పంపి ఉంటే ఈ రోజే చెప్పేయ్.

శనివారం రెండున్నరకు నువ్వూ రా. కాలిన గాయాలకు నువ్వు కట్టు మార్చే తీరు మా వాళ్లు చూడాలి. లింకు పంపుతాను.

నీ
రాధ