పోస్టాఫీసు అరుగు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బాబ్జీ,

రాత్రి రెండింటికి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్న జెరాక్స్ షాపు షట్టర్ ఎత్తుతూ చదివాను. ఫోన్లోనే నాలుగు ముక్కలు కొట్టేద్దామనుకున్నాను కానీ చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికే షాపు కట్టేసి ఇంటికొచ్చి, రూళ్ళ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. రథయాత్ర అయ్యి వారమైంది. నిన్నటి నుంచి ఒకటే వాన. మహేంద్రతనయ ఎర్రగా పారుతోంది, అవతలి కొండలు కనబడటమే లేదు. అమ్మ చోడంబలి తాగి పడుకుంది. నువ్వు ఎలా ఉన్నావని అడిగింది. బాగానే ఉన్నాడని చెప్పాను. నిజం చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళుగా రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఒక్కటి కూడా ఇవాళ ఎక్కడా నడవటం లేదని రాశావు. ఒక్కోటి అయిదేళ్ళు తిరిగేసరికి తీసి పారేస్తారని, పిల్లలు ఎదిగిపోయారని, ఇల్లు లోను కూడా తీరిపోయిందని, ఇక తాను దేనికి ఉన్నట్టో తెలియని మనిషిలా ఉన్నానని రాశావు. అది చదివి చాలాసేపు షట్టర్ సగం ఎత్తి అలాగే నిలబడ్డాను. ఎందుకంటే ఆ ప్రశ్న నేను వినడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగింది నాన్నగారు.

మొన్న మాఘమాసంలో, పోవడానికి పది రోజుల ముందు. మంచం మీద కూర్చోబెట్టి మందు ఇస్తున్నాను. "ఇన్ని అక్షరాలు రాశాను కదరా, ఒక్కటైనా ఎక్కడైనా ఉందా?" అన్నారు. నేను "అవన్నీ ఇప్పుడెందుకు నాన్నగారూ, ముందు ఈ మాత్ర వేసుకోండి" అన్నాను. ఆయన మాత్ర వేసుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అందుకే నీకు మాత్రం వెంటనే రాస్తున్నాను.

మాస్టారు, అదే మా నాన్నగారు, అనగానే నీకు బ్లాక్‌బోర్డూ ఒత్తులూ గుర్తొస్తాయేమో. నాకు గుర్తొచ్చేది పోస్టాఫీసు అరుగు. ఆదివారం పోస్టాఫీసు ఉండదు కాబట్టి అరుగు ఖాళీ. పొద్దున్నే ఒక చాప, అట్టముక్క, సిరాబుడ్డి పట్టుకుని వెళ్ళి కూర్చునేవారు. ఒంటిగంట దాకా వచ్చినవాళ్ళకల్లా ఉత్తరాలు రాసిపెట్టేవారు. తెలుగువాళ్ళకు తెలుగులో, ఒడియావాళ్ళకు ఒడియాలో. కొండల మీంచి దిగిన సవరలు రెండూ కలిపి, మధ్యలో వాళ్ళ భాష వేసి చెప్పేవారు. ఆయన రెండుమూడుసార్లు అడిగి, అర్థమైందాకా ఆగి రాసేవారు. రాశాక చదివి వినిపించేవారు. "ఇలా కాదు బాబూ, ఇంకొంచెం కోపంగా రాయి" అని ఒకావిడ మళ్ళీ రాయించుకోవడం నేను చూశాను. అస్సాం తేయాకు తోటల్లో ఉన్న అన్నకు, సైన్యంలో ఉన్న కొడుక్కు, సూరత్ మిల్లులో ఉన్న మొగుడికి. పదిహేను పైసల కార్డులో ఒక సంసారమంతా పట్టేది. డబ్బు పుచ్చుకునేవారు కాదు. కానీ ఎవరో ఒకరు నాలుగు అల్లం కొమ్ములో, పసుపు కొమ్ములో, సీజన్లో అనాసపండో చాప పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు ఆ ఉత్తరాల్లో ఎన్ని మిగిలి ఉంటాయి చెప్పు? చదివినవాళ్ళు పొయ్యిలో పెట్టి ఉంటారు, చెదలు తిని ఉంటాయి. పాత పద్ధతి మనియార్డరు 2015లో పోయింది. టెలిగ్రామ్ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. కొండమీది మనవడు సైతం వీడియోకాల్ చేస్తాడు. ఆయన పాఠాలు చెప్పిన తెలుగు మీడియం సెక్షన్లో చివరికి పిల్లలే లేకుండా పోయారు. నీ ప్రోగ్రాములు తీసేసినట్టే ఆయన్నీ తీసేశారు, కాకపోతే కొంచెం నెమ్మదిగా.

పెద్దకర్మ అయ్యాక అటక సర్దుతుంటే గోనెసంచిలో నోటు పుస్తకాలు దొరికాయి. మొత్తం పద్నాలుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వెనక గది రేకులు లేచిపోయాయి కదా, అప్పుడు తడిసి మూడు పుస్తకాలు అట్టల్లా గట్టిపడిపోయాయి. మిగతావి చదవచ్చు. పద్దు పుస్తకాలేమో అనుకున్నాను. కాదు. రాసిన ప్రతి ఉత్తరానికీ ఒక్క లైను. తేదీ, ఎవరు, ఎవరికి, ఏమిటి సంగతి. కొన్ని నీకోసం ఎత్తి రాస్తున్నాను.

"సెరంగో నుంచి వచ్చినావిడ. కొడుక్కి. ఆవు ఈనింది, దూడ నిలబడటం లేదు."

"కాశీనగర్ ముసలాయన. అన్నకు. పొలం గట్టు గొడవ వదిలేశాను, నువ్వూ వదిలెయ్యి."

"గుమ్మా పిల్ల. ఎవరికో చెప్పలేదు. అడ్రసు తనే రాసుకుంది."

ఈ మూడోది చదివి నేను అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. ఆ పిల్లకి అడ్రసు రాయడమొక్కటే వచ్చునేమో. ఎవరి దగ్గర నేర్చుకుందో. ఆయన మాత్రం అడగలేదు.

ఇవన్నీ ఎందుకు రాసిపెట్టుకున్నారో మొదట అర్థం కాలేదు. దాచుకుని ఎవరికీ చూపించింది లేదు. అమ్మకు కూడా తెలియదు. రెండు పుస్తకాలు చదివేసరికి తెలిసింది. కొన్ని లైన్ల కింద వేరే రంగు సిరాతో చిన్న అక్షరాల్లో జవాబులున్నాయి. ఆవు లైను కింద, "దూడ బతికింది." పొలం గట్టు కింద, "అన్న వచ్చాడట." అంటే ఆ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు అడగడానికి రాసుకున్నారన్నమాట. కొత్త ఉత్తరం మొదలుపెట్టే ముందు పాతదాని సంగతి కనుక్కునేవారు. అంతకుమించి వేరే ఉపయోగం లేదు ఆ పుస్తకాలకు.

అమ్మకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఊరందరి కష్టాలూ రాశారు, నాకు ఒక్క ఆదివారం మిగల్చలేదు" అంది. అదీ నిజమే. ఆయన్ని దేవుణ్ణి చేసి నీకు చెప్పాలని నాకు లేదు.

మన ఊరి మనిషి గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి కూడా ఈ మధ్య మరోలా ఆలోచిస్తున్నాను. ఆగస్టు 29న దండ వేసి వ్యావహారిక భాష గెలిచిందని మాట్లాడతాం. నాకు ఆయన ఓడిపోయిన వైపు ఎక్కువ గుర్తొస్తోంది. 1880లో ఇక్కడికి టీచరుగా వచ్చి, సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టి, పుస్తకాలు తయారుచేశారు. కొండల్లో మలేరియా తగిలి, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవులతోనే ఒక భాష పట్టుకున్న మనిషికి చెవులే పోయాయి, ఊహించు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, డెబ్బై రెండేళ్ళ వయసులో యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన సవర మాటలను తెలుగు లిపిలో రాసి పిల్లలకు నేర్పారు. అదే 1936లో మంగేయి గొమాంగో సవరలకు సొంత లిపి తయారుచేశారు, సొరంగ్ సోంపెంగ్ అని. అది వాళ్ళ హక్కు, వాళ్ళకు గర్వకారణం కూడా. మరి పంతులుగారు పెట్టిన బడులు వృథాయేనా? ఆయన అరుగు మీద కూర్చుని మొదటిసారి తన మాటను కాగితం మీద చూసుకున్న పిల్లాడు ఒకడు ఉంటాడు కదా. ఆ పూట ఆ పిల్లాడికి కలిగినదాన్ని తరవాత వచ్చిన లిపి గానీ, రాష్ట్రం గానీ వెనక్కి తీసుకోలేవు. నేను పట్టుకున్న సంగతి ఇది ఒక్కటేరా. ఉండిపోతేనే విలువ అనుకుంటే నాన్నగారి బతుకులో ఏమీ మిగలదు. నాది అసలే మిగలదు, నేను జెరాక్సులు తీసేవాణ్ణి.

నువ్వు వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకల్ సంగతి రాశావు. 1942 నుంచి 1945 దాకా నాజీ క్యాంపుల్లో ఉండి, భార్యనూ తల్లిదండ్రులనూ పోగొట్టుకుని బయటపడ్డ మనిషి. జీవితానికి అర్థమేమిటని మనం అడగడం కాదు, జీవితమే మనల్ని అడుగుతుంది, మనం చేతలతో జవాబు చెప్పాలి అన్నది ఆయన మాట. అది చదివితే నీకు ఇంకా టెన్షన్ వచ్చిందన్నావు, నన్నెవరూ ఏమీ అడగటం లేదు అని. నాకు మాత్రం చాప మీద కూర్చున్న నాన్నగారు కనబడ్డారు. ఆయన్ని అడిగింది జీవితమంత పెద్దది కాదు. "బాబూ, ఒక కార్డు రాసి పెడతావా" అని, అంతే. నీ ఆసుపత్రి బిల్లుల ప్రోగ్రామే తీసుకో. అది నడిచిన అయిదేళ్ళూ ఎవరో ఒక తల్లి అర్ధరాత్రి లైన్లో తక్కువసేపు నిలబడి పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళి ఉంటుంది. నీ దగ్గర మాత్రం నోటు పుస్తకం లేదు, ఆమె నీకు మళ్ళీ కనబడదు. అందుకని జరగలేదనకు.

ఇంకొక్క సంగతి రాసి ఆపేస్తాను. దీన్ని ముందే రాయాలనుకున్నాను, చెయ్యి వెనకాడింది. 1986 పుస్తకంలో మీ అమ్మగారు ఉన్నారు. ఒకచోట కాదు, తొమ్మిదిచోట్ల. మీ నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్న రోజులవి. ఆవిడ పోస్టాఫీసుకు రావడానికి సిగ్గుపడి మా ఇంటి వెనక గుమ్మంలోకి వచ్చేవారు, అది నాకు లీలగా గుర్తుంది. ఒక లైను ఇలా ఉంది.

"బాబ్జీ వాళ్ళమ్మ. ఖరగ్‌పూర్‌కు. పిల్లాడికి లెక్కల్లో తొంభై వచ్చాయి. డబ్బు ఇబ్బంది సంగతి రాయొద్దన్నారు. తొంభై వచ్చాయన్నది రెండుసార్లు రాయించారు."

మిగతా ఎనిమిదీ ఇక్కడ ఎత్తి రాయను. ఫొటో తీసి పంపను కూడా. విశాఖ దాకా వస్తే గుణుపూర్ రైలు ఉంది, మనం చిన్నప్పుడు ఎక్కిన బుల్లి రైలు కాదు, పెద్ద గేజిదే. స్టేషనుకు నేను వస్తాను. అమ్మ పనసపొట్టు కూర చేస్తానంటోంది.

నీ
సీతప్ప