తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో మెక్సికో స్ట్రైకర్ రౌల్ జిమెనెజ్ మీద అర పేజీ వేశారు. తలకి నల్ల బ్యాండ్ పెట్టుకున్న ఫోటో, పైన "తల పగిలినా తగ్గని వీరుడు" అని హెడ్డింగ్. ముందు థ్యాంక్స్ చెప్పాలి, ఐపీఎల్ లేని నెలల్లో కూడా ఐపీఎల్ గురించే వచ్చే పేజీలో ఒక మెక్సికో ఫుట్‌బాలర్‌కి అంత చోటు దొరకడం మామూలు విషయం కాదు. పేరు వాళ్ళు హిమేనెస్ అన్నట్టు పలుకుతారు, అదేం పెద్ద తప్పు కాదులెండి, నేనూ చాన్నాళ్ళు జిమెనెజ్ అనే అనుకున్నా. నాకు నచ్చనిది ఆ హెడ్డింగే. అసలు ఆ రోజు ఏం జరిగిందో రెండు లైన్లు రాసి మిగతాదంతా పట్టుదల, పోరాటం, మళ్ళీ వచ్చాడు, గెలిచాడు అని నింపేశారు. ఆ రెండు లైన్ల గురించే ఈ ఉత్తరం, వీలైతే వేయండి.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. 1991లో ఇదాల్గో రాష్ట్రంలో పుట్టాడు, క్లబ్ అమెరికాలో మొదలుపెట్టాడు, 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో నెయ్‌మార్ ఉన్న బ్రెజిల్‌ని 2-1తో కొట్టి గోల్డ్ పట్టుకెళ్ళిన టీమ్‌లో ఉన్నాడు. మెక్సికో వాళ్ళకి మాత్రం హిమేనెస్ అంటే 2013 అక్టోబరే గుర్తొస్తుంది. అజ్టెకా స్టేడియంలో పనామాతో మ్యాచ్, టీమ్ అసలు వరల్డ్ కప్‌కి పోతుందా లేదా అని దేశమంతా గోళ్ళు కొరుక్కుంటున్న టైమ్, స్కోరు 1-1, ఇంకో అయిదు నిమిషాలుంది అనగా ఈ కుర్రాడు గోల్‌కి వీపు పెట్టి బాల్‌ని పైకి లేపుకుని గాల్లో తలకిందులై తన్నాడు, అది వెళ్ళి లోపల పడింది. యూట్యూబ్‌లో ఉంటుంది, చూడనివాళ్ళు చూడండి. తర్వాత అట్లెటికో మాడ్రిడ్‌లో ఒక ఏడాది వృథా, లీగ్‌లో ఒకటే గోల్. పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాలో రెండు లీగ్ టైటిల్స్. 2018లో ఇంగ్లండ్ క్లబ్ వుల్వ్స్‌కి లోన్ మీద వచ్చాక అసలు ఆట బయటపడింది, రెండో సీజన్లో ప్రీమియర్ లీగ్‌లో 17, మొత్తం కలిపి 27 గోల్స్ కొట్టాడు. పెద్ద క్లబ్బులన్నీ వీడి వైపు చూస్తున్నాయని రోజూ వార్తలే.

అప్పుడొచ్చింది 2020 నవంబర్ 29. ఆర్సెనల్‌తో మ్యాచ్, వాళ్ళ గ్రౌండ్ ఎమిరేట్స్‌లో, కరోనా టైమ్ కాబట్టి స్టేడియం మొత్తం ఖాళీ. మనకి అర్ధరాత్రి దాటింది, పక్క గదిలో పిల్లలు పడుకున్నారని నేను టీవీ సౌండ్ తగ్గించి చూస్తున్నా. అయిదో నిమిషంలో ఆర్సెనల్‌కి కార్నర్, బాల్ బయటికి కొట్టేద్దామని హిమేనెస్ లేచాడు, గోల్‌లోకి కొడదామని ఆర్సెనల్ డిఫెండర్ డేవిడ్ లూయిజ్ లేచాడు, రెండు తలలు గుద్దుకున్నాయి. అంత తక్కువ సౌండ్లో కూడా వినపడింది సార్, గుళ్ళో కొబ్బరికాయ కొట్టినట్టు, ఇంతకంటే మంచి పోలిక వెతికా, దొరకలేదు. పది నిమిషాల దాకా ఆట ఆగిపోయింది, ఆక్సిజన్ పెట్టి స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. పుర్రె ఎముక విరిగి లోపలికి నొక్కుకుంది, లోపల రక్తం కూడా వచ్చింది, వెంటనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. స్టేడియంకి రావడం గుర్తుంది, గ్రౌండ్ చూసి రావడం గుర్తుంది, అక్కణ్ణించి లైట్లు ఆరిపోయినట్టే అని తర్వాత తనే చెప్పాడు. బతికి ఉండటమే అద్భుతం అన్నారంట డాక్టర్లు.

మీ వ్యాసంలో అస్సలు లేనిది రెండో తలకాయ. డేవిడ్ లూయిజ్‌కి నెత్తురు కారుతుంటే కట్టు కట్టి, పక్కన నిలబెట్టి ఏదో చెక్ చేసి, మళ్ళీ ఆడమని పంపారు. ఆ తెల్ల కట్టు మీద ఎర్రటి మరక టీవీలో అందరికీ కనపడుతూనే ఉంది. హాఫ్ టైమ్‌కి తీసేశారు, అది కూడా బాల్‌ని తలతో కొట్టడానికి ఇబ్బంది పడుతున్నాడని. రూల్ ప్రకారమే చేశాం అంది క్లబ్, చేసే ఉంటారు, నా గొడవంతా ఆ రూల్ మీదే కదా. ఒక పుర్రె పగిలేంత గట్టిగా రెండు తలలు గుద్దుకుంటే రెండో తల బానే ఉందని గ్రౌండ్ పక్కన నిలబడి అంత తొందరగా ఎవరు తేల్చగలరు? 2017లో ఇలాగే చెల్సీ మ్యాచ్‌లో పుర్రె పగిలిన రయన్ మేసన్ ఏడాది పైగా ప్రయత్నించి 26 ఏళ్ళకే ఆట మానేశాడు, వాడి పట్టుదల ఏమన్నా తక్కువా?

మన క్రికెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఆర్సెనల్ మ్యాచ్ అయిన అయిదు రోజులకే, డిసెంబర్ 4న ఆస్ట్రేలియాతో కాన్‌బెర్రా టీ20, ఆఖరి ఓవర్లో స్టార్క్ బాల్ జడేజా హెల్మెట్‌కి తగిలింది. ఫిజియో లోపలికి రాలేదు, జడేజా మిగతా బాల్స్ ఆడేసి బయటికి వచ్చాడు. ఇన్నింగ్స్ అయ్యాక జడేజా బదులు చాహల్ కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా, అంటే తలకి దెబ్బ తగిలినవాడి బదులు ఆడేవాడిగా దిగి మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కొట్టాడు. ఇక చూడాలి మా కాలేజీ వాట్సాప్ గ్రూప్, ఆల్ రౌండర్ బదులు అచ్చం స్పిన్నర్‌ని దింపొచ్చా, మనోళ్ళు తెలివైనవాళ్ళా మోసగాళ్ళా, ఆస్ట్రేలియా కోచ్ రిఫరీతో ఎందుకు గొడవపడ్డాడు, వారం రోజులు ఇదే. మొన్న ఇది రాస్తూ ఆ పాత మెసేజీలన్నీ తీసి చూశా, జడేజాకి ఎలా ఉందంటరా అని అడిగిన మెసేజ్ ఒక్కటి లేదు. 2014లో బౌన్సర్ మెడకి తగిలి ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిల్ హ్యూస్ చనిపోయాడు కాబట్టే ఇలాంటి రూల్ కావాలని అందరూ పట్టుబట్టారు, మనం దాన్ని టీమ్ సెలెక్షన్ గొడవ కింద చూశాం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తమ్ముడి కొడుక్కి పద్నాలుగేళ్ళు, డిఫెండర్. పోయిన ఏడాది ఒక టోర్నమెంట్, ఎవరు పెట్టారో ఏ గ్రౌండో రాయను, ఎవరి మీదో కంప్లైంట్ ఇవ్వడానికి రాయట్లేదు ఇది. కార్నర్ బాల్‌కి ఎగిరితే ఎదుటి కుర్రాడి తల వీడి చెవి పైన తగిలింది, కింద పడి కాసేపు కళ్ళు తెరవలేదు. కోచ్ పరిగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు కొట్టాడు, కాళ్ళు పట్టేస్తే కొట్టే స్ప్రే ఉంటుంది చూడండి, అది తీసి నుదుటి మీద కొట్టాడు, అది కళ్ళల్లో పడి వాడు ఇంకా ఏడ్చాడు. "ఏం కాలేదురా, మగాడివి కదా, లే" అని పంపేశాడు. వాడు లేచి ఆడితే లైన్ బయట బండి మీద కూర్చుని నేను చప్పట్లు కొట్టాను సార్, అది కూడా రాయాలి కదా. తిరిగొచ్చేటప్పుడు వెనకాల కూర్చుని "పెదనాన్నా, స్కోరెంత" అన్నాడు, చెప్పా. సిగ్నల్ దగ్గర మళ్ళీ అడిగాడు. పెట్రోల్ బంక్ దాటాక మళ్ళీ. మా సందు తిరిగేలోపు నాలుగోసారి అడిగి నా వీపు మీద వాంతి చేసుకున్నాడు. దేవుడి దయ వల్ల స్కాన్‌లో ఏం లేదు, కానీ మూడు వారాలు పుస్తకం తెరిస్తే తలనొప్పి, ఫ్యాన్ చప్పుడికి కూడా చిరాకు. ఆ కోచ్ చెడ్డవాడేం కాదు, లేని పిల్లలకి సొంత డబ్బులతో బూట్లు కొనిస్తాడు, ఆయనకి ఎవరూ చెప్పలేదంతే. మరి నేను? ఎమిరేట్స్ మ్యాచ్ కళ్ళారా చూసినవాడిని.

డాక్టర్ గారు చెప్పింది ఏంటంటే, తల బయట ఏమీ కనపడకపోయినా లోపల మెదడు కుదుపుకి గురై ఉంటుంది, అది తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే వాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, పిల్లల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి అని. అడిగిందే అడగడం, వాంతి, మత్తుగా ఉండటం, చూపు మసకలు, నడక తూలడం, ఇవి కనపడితే నేరుగా హాస్పిటల్. ఏమీ కనపడకపోయినా ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్ చూసి సరే అన్నాకే మళ్ళీ గ్రౌండ్. ఇంత చిన్న విషయానికి డబ్బులు కూడా అక్కర్లేదు.

హిమేనెస్ దెబ్బ తర్వాత రెండు నెలలకే, 2021 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్‌లో కంకషన్ మార్పు ట్రయల్ మొదలైంది. తలకి దెబ్బ తగిలినవాణ్ణి తీసేస్తే మామూలు మార్పుల్లో లెక్కపెట్టరు, వాడు మళ్ళీ రాకూడదు, ఎదుటి టీమ్‌కి కూడా ఒక మార్పు అదనంగా ఇస్తారు. 2024 జులై నుంచి కావాల్సిన టోర్నీలు పెట్టుకునేలా ఫుట్‌బాల్ రూల్స్ పుస్తకంలోకే ఎక్కింది. మంచిదే, కానీ సరిపోదని నా అభిప్రాయం. మంచి ప్లేయర్‌ని తీసేస్తే మళ్ళీ రాడు అని తెలిసినప్పుడు ఏ కోచ్ అయినా "బానే ఉన్నాడు" అనే అంటాడు. అందుకే పది నిమిషాలు వేరేవాణ్ణి దింపి, దెబ్బ తగిలినవాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తీరిగ్గా చూసేలా టెంపరరీ మార్పు ఉండాలని ప్రీమియర్ లీగ్, ఫ్రాన్స్ లీగ్, అమెరికా లీగ్ అడిగాయి. రూల్స్ పెట్టే బోర్డు 2023 జనవరిలో వద్దంది. ఎందుకు వద్దందో నాకు ఇప్పటికీ బుర్రకెక్కలేదు.

ఇంకోటి, మీ వ్యాసం 2021 సెప్టెంబర్‌లో సౌతాంప్టన్ మీద కొట్టిన గోల్ దగ్గర్నుంచి ఒక్క గెంతులో 2025కి వచ్చేసింది. మధ్యలో ఏముందంటే, తిరిగొచ్చిన సీజన్లో లీగ్‌లో 6 గోల్స్, ఆ తర్వాత సీజన్లో సున్నా. లీగ్‌లో 17 కొట్టినవాడికి సున్నా సార్. 2023లో ఫుల్హమ్ అనే ఇంకో ఇంగ్లండ్ క్లబ్‌కి చవగ్గా ఇచ్చేశారు, అక్కడా మొదటి గోల్ నవంబర్‌లో గానీ పడలేదు. 2024-25లో లీగ్‌లో 12 కొట్టాకే పాత హిమేనెస్ కనపడ్డాడు, అంటే దాదాపు నాలుగేళ్ళు. అంతా తల దెబ్బ వల్లే అని నేననను, వేరే గాయాలూ ఉన్నాయి, వయసూ ఉంది. కానీ మీ పేపర్ చదివే పద్నాలుగేళ్ళ కుర్రాడికి తల పగలడం, కప్పు ఎత్తడం పక్కపక్కనే కనపడితే వాడేం అనుకుంటాడు?

నిజానికి ఆ బ్యాండ్ ఫోటో కంటే మంచి ఫోటో ఉంది. 2025 జులై 6, హ్యూస్టన్, అమెరికాతో గోల్డ్ కప్ ఫైనల్, ఉత్తర అమెరికా వైపు దేశాల టోర్నీ అది. స్పెయిన్‌లో కారు ప్రమాదంలో పోర్చుగల్ ఫుట్‌బాలర్ డియోగో జోటా చనిపోయి మూడు రోజులు. వుల్వ్స్‌లో ఇద్దరూ పక్కపక్కన ఆడినవాళ్ళు. స్కోరు సమం చేసి హిమేనెస్ వెళ్ళి జోటా పేరు, 20 నంబర్ ఉన్న జెర్సీ తీసుకుని ఎత్తి పట్టుకున్నాడు. మెక్సికో 2-1తో గెలిచింది. ఈసారి అది వేయండి, పక్కనే ఓ చిన్న బాక్స్ కట్టి తలకి దెబ్బ తగిలితే ఏం చూడాలో డాక్టర్ గారు చెప్పిన ఆ అయిదు లక్షణాలు కూడా వేయండి, కత్తిరించి మా గ్రౌండ్ గేటుకి నేనే అంటిస్తా. స్కూల్ టోర్నమెంట్లు పెట్టే ఆఫీసర్లు ఎవరన్నా ఇది చదివితే, ఎంట్రీ ఫారంలో బ్లడ్ గ్రూప్ అడిగే చోట, తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్ అనే ఈ ఒక్క రూల్ కూడా కలపండి.

నా పేరు వేయొద్దు సార్, ఊరి పేరు కూడా వద్దు. నా చొక్కా మీద వాంతి చేసుకున్న సంగతి పేపర్లో వచ్చిందని తెలిస్తే మావాడు నాతో మాట్లాడడు.

ఇట్లు,
మీ పాఠకుడు