మీ నాయన మళ్లీ పేపర్ పైకి చదువుతున్నారు

రేయ్ మామా,

మీ నాయన మళ్లీ పెళ్లి చేసుకుంటానంటున్న సంగతి ఫోన్‌లో చెప్తే సగంలో కట్ చేస్తావని ఉత్తరమే రాస్తున్నా. కొంచెం పెద్దదే అయ్యేట్టుంది, టీ పెట్టుకుని కూర్చో. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకో, చదవడం మాత్రం ఆపొద్దు.

ఇక్కడ తిరుపతిలో ఎండలు దంచేస్తున్నాయి. లీలామహల్ సర్కిల్ దగ్గర మధ్యాహ్నం మనిషి కనపడడు, సాయంత్రమైతే కాలు పెట్టే సందు ఉండదు. గంగమ్మ జాతర దగ్గరకొచ్చింది కదా, మా వీధి పిల్లలు ఎవరు ఏ వేషం కట్టాలో అప్పుడే కొట్టుకుంటున్నారు. మావాడు బండ వేషం కడతానంటాడు, వాళ్లమ్మ ఒప్పుకోదు. ఆ వేషంలో ఉంటే ఎవరినైనా బూతులు తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనరు, వాడి ఆశంతా దాని మీదే.

సరే, ముందు ఒక సినిమా సంగతి చెప్తా, తర్వాత నీ సంగతికి వస్తా. మా అమ్మాయి ఈమధ్య రాత్రిళ్లు పాత ఇంగ్లీషు సినిమాలు వెతికి పెడుతోంది. పోయిన వారం పెట్టింది థియేటర్లకు వచ్చింది కాదు, టీవీ కోసమే తీసింది. 1991లో అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో వేశారు, పేరు 'సారా, ప్లెయిన్ అండ్ టాల్'. హాల్‌మార్క్ అని గ్రీటింగ్ కార్డుల కంపెనీ ఉంది చూడు, వాళ్లు 1951 నుంచి టీవీ నాటకాలకూ సినిమాలకూ డబ్బు పెడుతూ వచ్చారు, ఇది ఆ వరుసలోదే. ఇప్పుడు ఆ పేరుతో ఛానెలే ఉంది, అందులో వచ్చేవి నువ్వూ చూసుంటావు. భార్య పోయిన మగాడు, గోడ మీద ఆమె ఫోటో, ముద్దొచ్చే పాప, క్రిస్మస్, మంచు, చివరి పది నిమిషాల్లో ముద్దు. దుఃఖమంటే ఆ ఫోటో వైపు చూసి ఒకసారి నిట్టూర్చడం, అంతే, తర్వాత అందరూ కేకులు చేసుకుంటారు.

ఇది వేరే రకం. 1910, కాన్సస్ రాష్ట్రం, ఎటు చూసినా గడ్డి మైదానం. జాకబ్ అని రైతు. కొడుకు పుట్టిన మరుసటి రోజే అతని భార్య చనిపోయింది. ఆనా అని కూతురు, కేలబ్ అని ఆ కొడుకు. పొలం, పశువులు, వంట, ఇద్దరు పిల్లలు, ఒక్కడి వల్ల కాక పేపర్లో ప్రకటన ఇస్తాడు, భార్య కావలెను అని. ఎక్కడో సముద్రం ఒడ్డునున్న మెయిన్ రాష్ట్రం నుంచి సారా అనే ఆవిడ జవాబు రాస్తుంది. తోడబుట్టినవాడికి పెళ్లి కుదిరింది, వచ్చే పిల్ల ఇల్లు చూసుకుంటానంటోంది, ఇక ఈమెకు ఆ ఇంట్లో పని లేదు. ఒక పిల్లినీ, ఏరుకున్న గవ్వల్నీ పట్టుకుని రైలెక్కి వస్తుంది, నెల రోజులు ఉండి చూస్తా, నచ్చితే ఉంటా అని. పెళ్లిచూపులు నెల రోజులు మామా, అదీ ఆడమనిషే వచ్చి చూడడం! మా ఆవిడ ఆ సీను దగ్గర నా వైపు ఒక చూపు చూసింది, దాని గురించి ఇంకోసారి చెప్తా.

జాకబ్‌గా క్రిస్టఫర్ వాకెన్. 1985 జేమ్స్ బాండ్ సినిమాలో విలన్‌గా వేసినాయన. ఆ కళ్లు చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, అలాంటి మనిషిని తెచ్చి మాట రాని రైతును చేశారు. సారాగా గ్లెన్ క్లోజ్. ఇద్దరూ ఎక్కడా గట్టిగా ఏడవరు. మన సినిమాల్లో అయితే ఈపాటికి వర్షం, వయొలిన్, గుడి గంటలు, అన్నీ ఒకేసారి మోగేవి.

ఈ కథ ముందు పిల్లల నవలగా వచ్చింది, 1985లో పెట్రీషియా మెక్‌లాక్లన్ రాసింది. అందులో చిన్నోడు అక్కను రోజూ ఒకటే అడుగుతాడు, అమ్మ పాడేదా, ఏం పాడేది అని. వాడికి అమ్మ తెలీదు కదా, వాడు పుట్టాక ఒక్క రోజే ఉంది ఆమె. ఆనాకు అన్నీ గుర్తే, చెప్పి చెప్పి విసుగొచ్చినా చెప్తుంది. నాయన ఇప్పుడెందుకు పాడడు అంటే, ఆయన పాత పాటలు మరిచిపోయానంటాడు. మనిషి పాటలెక్కడ మరిచిపోతాడు మామా? వినేవాళ్లు లేక ఆపేశాడు. కొత్తగా వచ్చే ఆవిడకు ఉత్తరం రాసేటప్పుడు ఆ పిల్లోడు, నీకు పాడడం వచ్చా అని అడగమంటాడు. వంట వచ్చా, పాలు పితకడం వచ్చా అని కాదు.

ఇప్పుడు నీ సంగతి.

మీ నాయన గురించి నువ్వు ఫోన్‌లో అన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. ఈ వయసులో ఇదేం బుద్ధి, ఊళ్లో తలెత్తుకోలేం, అమ్మను ఇంత తొందరగా మరిచిపోయారు. మొదటి రెండూ పక్కన పెట్టు, అవి ఎవరైనా అనేవే. మూడోది మాత్రం తప్పురా.

మొన్న పనిమీద చిత్తూరు పోయి, గ్రీమ్స్‌పేటలో మీ ఇంటికి వెళ్లా. పొద్దున ఏడుకు తలుపు తీసే ఉంది. మీ నాయన, అదే మన సారు, వరండాలో కుర్చీలో కూర్చుని పేపర్ పైకి చదువుతున్నారు. మన చిన్నప్పుడు ఎట్లా చదివేవారో అట్లనే, హెడ్డింగ్ ఒక గొంతుతో, లోపలి వార్త ఇంకో గొంతుతో. అమ్మ వంటింట్లో తిరగమోత పెట్టుకుంటా అక్కడినుంచే 'ఆ, ఆ' అనేది, నచ్చని వార్త వస్తే గరిటె చప్పుడు పెరిగేది, గుర్తుందా? అమ్మ పోయాక ఆయన పేపర్ కళ్లతో చదివి మడిచి పెట్టేసేవారు. నేను చూశా. లెక్కల సారు గదా, మనిషి బయటికి ఏమీ కనపడనీయడు, కానీ ఆ వరండా మూగబోయింది.

ఇప్పుడు ముందు స్టూలు మీద నీళ్ల చెంబుకు ఫోన్ ఆనించి ఉంది, స్పీకర్ పెట్టి. పలమనేరు పక్క మళ్లీ ఏనుగులు పడి చెరుకు తొక్కేశాయని వార్త. అవతలి నుంచి కొబ్బరి కోరుతున్న చప్పుడు, మధ్యలో ఒక గొంతు, 'పాపం, ఆ రైతుకు ఏమన్నా ఇస్తారంటనా సార్?' అని. మామా, ఇంకా 'సార్' అనే అంటోంది ఆవిడ. నన్ను చూసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఫోన్ పెట్టేయలేదు, ఆ వార్త పూర్తిగా చదివాకే పెట్టారు.

ఆవిడ గురించి నీకు ఎవరు ఏం చెప్పారో గానీ, నేను తెలుసుకున్నది చెప్తా. రిటైరైన స్టాఫ్ నర్సు, ఇక్కడే బైరాగిపట్టెడలో ఉంటుంది. భర్త రెవెన్యూలో చేస్తూ పోయాడు. కూతురు చెన్నైలో ఉంది, ఆ పిల్లకు ఇష్టమే. అలిపిరి మెట్ల దారిలో నడిచి కొండకు పోయే పెద్దవాళ్ల జట్టు ఉంది, సారు అందులో చేరారు. 3,550 మెట్లు, ఆ వయసులో! ఆవిడకు మోకాళ్ల నొప్పి, గాలి గోపురం దగ్గర కూర్చుండిపోతే మిగతావాళ్లు ముందుకు పోయారు, సారు ఆగారు. అంతే కథ. దీన్ని పట్టుకుని నువ్వు పెద్ద కుట్ర అన్నట్టు మాట్లాడతావు.

ఆస్తి కోసం అంటావా? అక్కడికే వస్తున్నా. మన దగ్గర మళ్లీ పెళ్లి చేసుకున్న విధవకు భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది, రూల్ అది. ఆవిడకు సొంత పెన్షన్ ఉంది కాబట్టి బతుకుతుంది, కానీ నెలనెలా చేతికొచ్చేది వదులుకుని వస్తోంది. సారుకు రూపాయి నష్టం లేదు. ఇక ఇల్లు. రిజిస్టరైన పెళ్లయితే రెండో భార్యకూ నీతో సమానంగా హక్కు ఉంటుంది, నిజమే, దాచను. ఇల్లు ఆయన స్వార్జితం, వీలునామా రాస్తే అయిపోయె. రాయడానికి ఆయన సిద్ధం, ఆ మాట ఎత్తితే నువ్వు నొచ్చుకుంటావని ఆయనే ఆగారు. చూశావా, ఎవరు ఎవరికి భయపడుతున్నారో.

ఊరు నవ్వుతుందంటావు. ఏ ఊరు? చిత్తూరా, తిరుపతా? మన కొండ కథే చూడు. భృగుమహర్షి తన్నాడని అలిగి లక్ష్మీదేవి కొల్హాపూర్ పోతే, స్వామి వైకుంఠంలో ఉండలేక ఇక్కడికొచ్చి పుట్టలో కూర్చున్నాడు. తిండి లేదు, మాట లేదు. తర్వాత వేటకు పోయి నారాయణవనం తోటలో పద్మావతిని చూశాడు, చెలికత్తెలతో రాళ్లు వేయించుకున్నాడు, ఎరుకలసాని వేషం కట్టి సోది చెప్పాడు, కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి కొండ మీద రోజూ చేస్తున్నాం, వైశాఖంలో నారాయణగిరి తోటల్లో మూడు రోజులు పరిణయోత్సవం కూడా చేస్తాం. ఊరు నవ్విందా? పైగా స్వామి గుండె మీద లక్ష్మి అట్లనే ఉంది, పద్మావతమ్మ తిరుచానూరులో ఉంది. ఒకరు వచ్చారని ఇంకొకరిని తీసేయలేదు. దేవుడు కదా చెల్లుతుంది అంటావు, తెలుసు. అయినా చెప్తా.

మగాడికి ఎప్పుడైనా చెల్లేదిలే, అది వేరే సంగతి. నవ్వితే ఆవిడను చూసే నవ్వుతారు. 1856లో చట్టం వచ్చింది, 1881లో వీరేశలింగం పంతులు రాజమండ్రిలో విధవ పెళ్లి చేయించాడు, ఇప్పటికీ యాభై దాటిన ఆడమనిషి మళ్లీ పూలు పెట్టుకుంటే వీధి చివర దాకా తలలు తిరుగుతాయి. మన సినిమాల్లో కూడా విధవకు పెళ్లంటే ఎవడో ఒకడు ఉద్ధరించాలి. 'స్వాతిముత్యం' నాకు ప్రాణం, నీకు తెలుసు, విశ్వనాథ్ గారంటే దండం పెడతా, కానీ ఆ తాళి ఎట్లా పడింది? శ్రీరామనవమి పందిట్లో, ఆమెను అడక్కుండా. ఈ టీవీ సినిమాలో నాకు నచ్చింది అదే, ఎవరూ ఎవరినీ ఉద్ధరించరు. అతనికి మనిషి కావాలి, ఆమెకు ఇల్లు కావాలి, ఆ మాట ముందే చెప్పుకున్నారు. ప్రేమ తర్వాత మెల్లగా వచ్చింది, అదీ పొలం పనుల మధ్యలో. లోపం చెప్పాలంటే, పనిచేసే పల్లె అయినా సాయంత్రం వెలుగు మరీ అందంగా పడుతుంది. ఆ వెలుగులో పేడ ఎత్తినా బాగుంటుంది.

చివర్లో సారా ఒకరోజు బండి తనే తోలుకుని ఊళ్లోకి పోతుంది. పిల్లలు ఇంక రాదనుకుంటారు, రైలు టికెట్ కొనుక్కోవడానికే పోయిందని. సాయంత్రానికి వస్తుంది. ఏం తెచ్చిందంటే రంగు పెన్సిళ్లు. నీలం, బూడిద, ఆకుపచ్చ. తన సముద్రం రంగులు పిల్లల దగ్గర లేవు, బొమ్మ వేయడానికి, అందుకని. సముద్రం మీద బెంగ ఎప్పటికీ ఉంటుంది, మీ మీద బెంగ ఇంకా ఎక్కువవుతుంది అని చెప్తుంది. నేను అక్కడ లేచి నీళ్లు తాగడానికి పోయా, మా అమ్మాయి నవ్వింది.

ఇంకొకటి నీకు చెప్పనే లేదు. ఆ నర్సమ్మను నేను ఒక్కసారి కలిశా, సారుతో గోవిందరాజస్వామి గుడి దగ్గర. కాఫీ తాగుతూ ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట మీ అమ్మ గురించి. 'చెనక్కాయల ఊరుబిండి బాగా చేసేదంట కదా, ఎండుమిర్చి వేయించి వేసేదా, పచ్చిదా? సార్‌కు తినడమే తెలుసు, చెప్పడం తెలీదు' అని. నాకూ తెలీదు. నీకు తెలుసు, నువ్వే రోలు దగ్గర కూర్చుని పొత్రం తిప్పేవాడివి. అమ్మ పోయిన ఆరు నెలలకే చీరలు, స్టీలు డబ్బాలు, అమ్మ కుర్చీ, అన్నీ నువ్వే బెంగళూరు పట్టుకుపోయావు, నాయన చూసి బాధపడతారని. మంచికే చేశావు. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు అమ్మ మాట ఎత్తేది ఆ కొత్తావిడ ఒక్కతే, తెలుసా?

పెళ్లి అంటే పందిరి, మేళం ఏమీ లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేసుకుంటామంటున్నారు. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ఇంకా ఇవ్వలేదు. నీ కోసమే. ఆయన అడగరు, నీకు తెలుసు ఆయన సంగతి, తొమ్మిదో తరగతిలో లెక్క తప్పు చేస్తే కూడా చెప్పేవారు కాదు, పలక తిప్పి మళ్లీ ముందు పెట్టేవారు.

సినిమా లింకు మా అమ్మాయి నీకు పంపిస్తుంది, చెల్లెమ్మతో కలిసి చూడు, సబ్‌టైటిల్స్ పెట్టుకో, వాకెన్ నోట్లో నోట్లో మాట్లాడతాడు. జాతరకు వస్తావా? వస్తే రెండు రోజులు ముందే రా, వీలునామా రాసే లాయరు మా వీధిలోనే ఉన్నాడు, ఆ పనీ అయిపోతుంది. ఊరుబిండికి ఏ మిర్చో వాట్సాప్‌లో నాకు పెట్టు, లేదంటే మీ నాయనకే పెట్టు, అదే మేలు. పొద్దున ఏడున్నర దాటాక ఫోన్ చెయ్, అంతకు ముందు లైను బిజీ వస్తుంది.

నీ
మామ