పెరటితోటల సంఘం వార్షిక నివేదిక: కడపలో హెలికోనియాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు అరటిలాంటి ఆకులు, రంగురంగుల కంకులు ఉండే హెలికోనియా మొక్కల మీదే సాగింది. కడప పెరళ్లలో ఆ పేరుతో పెరుగుతున్నవాటిలో కొన్ని మెట్టతామరలు (కానా), కొన్ని బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ మొక్కలు. పేరు తప్పితే నీడ, నీళ్ల లెక్క కూడా తప్పుతుంది. అందుకే ముందు గుర్తింపు పని చేపట్టాం.

సగం సంగతి ఆకులతోనే తేలిపోతుంది. హెలికోనియా ఆకులు అటొకటి ఇటొకటిగా రెండు వరసల్లో వస్తాయి. అరటికి, మెట్టతామరకు కాండం చుట్టూ తిరుగుతూ వస్తాయి. బర్డ్ ఆఫ్ ప్యారడైజ్‌కీ రెండు వరసలే కాబట్టి అక్కడ పూత చూడాలి: పక్షి ముక్కులాంటి ఒక దొన్నె, అందులోంచి నారింజ, నీలం రంగుల పూలు. హెలికోనియా కంకికి దొన్నెలు అనేకం. ఎర్రగా, పసుపుగా మెరిసే ఆ దొన్నెలు పూలు కావు, పుచ్ఛాలు, అంటే పూలను కప్పి ఉంచే రంగు ఆకులు. ఒకదాన్ని వేలితో విప్పితే అడుగున సన్నటి గొట్టాల్లా అసలు పూలు వరసగా ఉంటాయి. ఒక్కోటి ఒక్క రోజే నిలుస్తుంది. దాన్ని చీల్చి చూడండి: పుప్పొడినిచ్చే కేసరాలు ఐదు, ఆరోది గొడ్డు. మెట్టతామరలో పుప్పొడి ఉండేది ఒక్క కేసరంలో, అదీ సగంలోనే.

కంకి కిందికి వేలాడుతూ, ఎర్ర దొన్నెల కొసలు పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటే అది రోస్ట్రాటా అనే హెలికోనియా జాతి. నిటారుగా, పొట్టిగా ఉండేవి ఎక్కువగా సిట్టకోరం జాతి రకాలు. గోల్డెన్ టార్చ్ సంకర రకం.

దాదాపు 200 హెలికోనియా జాతుల్లో ఎక్కువ భాగం ఉష్ణమండల అమెరికావి. అక్కడ వాటికి పరాగ సంపర్కం చేసేవి హమ్మింగ్ పక్షులు. పసిఫిక్ దీవుల్లోని కొన్ని జాతులకు ఆ పని గబ్బిలాలది. హమ్మింగ్ పక్షులు మన దేశంలో లేవు. తేనెపిట్టలు వచ్చి తేనె తాగుతాయి గానీ, కాయ పట్టకపోతే అది తెగులనుకోవద్దు. మనం పెంచేది దుంపతోనే. నిటారు కంకుల దొన్నెల్లో నీళ్లు నిలుస్తాయి, దోమ పిల్లలు చేరతాయి. వారానికోసారి వంచి పారబోయాలి.

ఎక్కువమంది అడిగింది ఆకులు పసుపెక్కడం గురించి. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న మన నేలలో, బోరు నీళ్లలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. యూరియా వేస్తే పచ్చబడదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి, పది రోజులకు మళ్లీ ఒకసారి. ఆకు అంచులు ఎండితే అది వేరే సంగతి, వడగాలి. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం షేడ్‌నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు మూడు అంగుళాల మందాన పరవాలి. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది కాబట్టి నల్లరేగడిలో ఎత్తు మడే మేలు.

ఒక కాండం ఒక్కసారే పూస్తుంది. పూత అయ్యాక నేల మట్టానికి కోసేస్తే పక్క పిలకలు లేస్తాయి.

వచ్చే జూన్‌లో దుంపల పంపకం ఉంటుంది. పేరు మీద అనుమానమున్నవారు కంకి నుంచి ఒక దొన్నె, ఒక ఆకు తెచ్చి చూపించగలరు.