పదిహేనేళ్లకు నాట్యం మొదలుపెట్టేవారికీ ఒక బ్యాచ్ కావాలి

సంపాదకులకు,

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ దాకా కరెంటు స్తంభాలకూ అపార్ట్‌మెంట్ గేట్లకూ కూచిపూడి, భరతనాట్యం శిక్షణ బోర్డులు వెలుస్తాయి. 'ఐదేళ్లు నిండిన పిల్లలను చేర్చుకొనబడును' అని వాటిలో చాలావాటి మీద ఉంటుంది గానీ, పదో తరగతి పరీక్షలు రాసి మొదటిసారి నాట్యం నేర్చుకోవాలనుకునే పిల్ల ఎక్కడికి వెళ్లాలో ఏ బోర్డూ చెప్పదు. వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, ఎదిగే పిల్లల ఒంటి తీరు కొంత తెలిసిన మనిషిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మనవరాలు కూచిపూడి నేర్చుకుంటానంటే దగ్గర్లో ఉన్న ఒక శిక్షణాలయానికి తీసుకెళ్లాను. 'ఈ వయసుకు కాళ్లు బిగిసిపోతాయండీ, ఇక అరమండి కుదరదు' అని అక్కడి టీచరు పిల్ల ఎదుటే అనేశారు. మోకాళ్లు పక్కలకు తెరిచి సగం వంగి నిలిచే భంగిమే అరమండి. గట్టిగా అడిగితే చేర్చుకున్నారు గానీ, ఒకటో తరగతి పిల్లల బ్యాచ్‌లో చివరి వరుసలో నిలబెట్టారు. గోడ వెంట కుర్చీల్లో కూర్చున్న తల్లులు తమ పిల్లలను వదిలేసి ఈ పొడుగు పిల్ల వంకే చూస్తుంటే, ఆమె నడుముకు కట్టుకున్న చున్నీని విప్పి మళ్లీ బిగించుకోవడంతోనే తరగతి గడిచిపోయేది. నెల తిరక్కుండా మానేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

వయసు మించిందన్న మాటలో నిజం కొంత ఉంది. అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకోవాలంటే తొడ ఎముక తుంటి కీలు దగ్గర తిరగాలి, చిన్నతనంలో మొదలుపెట్టినవారికి అది తేలికగా అలవడుతుంది. పదిహేనేళ్ల పిల్లకు అంతగా రాకపోవచ్చు. అయితే వచ్చినంత మేరకే తెరిచి, మోకాలు కాలివేళ్ల దిశలోనే ఉండేటట్టు కూర్చుంటే అరమండి నిలవడానికి అడ్డేమీ లేదు. అసలు ప్రమాదం పక్కనున్న ఏడేళ్ల పిల్లతో సమానంగా కనబడాలని పాదాలను బలవంతంగా పక్కకు తిప్పి, మోకాలిని మెలిపెట్టడంలో ఉంది. పైగా పొడుగు సాగే వయసులో ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగదు కాబట్టి తొడలు బిగుసుకుంటాయి. మోకాలిచిప్ప కింద ఉండే ఎముక బుడిపె దగ్గర నొప్పి రావడం ఆటల్లో ఎక్కువగా పరుగెత్తే, గెంతే పిల్లల్లో నేను తరచుగా చూసిన సంగతే. 'చేయగా చేయగా అదే పోతుంది' అని ఆ నొప్పి మీద అడవులు, అంటే నాట్యంలోని మూల అడుగులు, వేయించకూడదు. తగ్గేదాకా హస్తాలు (చేతి ముద్రలు), దృష్టిభేదాలు (చూపుల తీరులు), తాళం చెప్పుకోవచ్చు, పాఠం ఆగదు.

నేల గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు మరీ ఆశ్చర్యం. మన తరగతులు ఎక్కువగా సెల్లార్లలో, డాబాల మీద, గ్రానైటో టైల్సో పరిచిన హాళ్లలో జరుగుతాయి. అటువంటి గట్టి నేల మీద ఉత్త పాదంతో గంటసేపు తడితే ఆ అదురు మడమకూ ముంగాలి ఎముకకూ చేరుతుంది. ఐదేళ్ల పిల్లకన్నా బరువున్న పిల్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చెక్క నేల వేయించడం అందరివల్లా కాదు, నిజమే. తట్టే అడవులకు మధ్యమధ్య విరామం ఇవ్వడానికీ, తరగతికి ముందు ఒళ్లు వేడెక్కేలా పది నిమిషాలు వ్యాయామం చేయించడానికీ మాత్రం పైసా ఖర్చు లేదు.

ఇక ఈ వయసుకే ఉండే బలం ఒకటుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలనీ, ఒకే అడవు రెండో కాలంలో రెట్టింపు, మూడో కాలంలో నాలుగింతల వేగంతో నడుస్తుందనీ ఒకసారి చెబితే ఇంటర్ పిల్ల పట్టుకుంటుంది. నాట్య గ్రంథమైన అభినయ దర్పణంలోని 28 అసంయుత హస్తాలూ (ఒంటి చేతి ముద్రలూ), వాటి వినియోగాలూ గుర్తుపెట్టుకోవడం, రసాయన సమీకరణాలు బట్టీ పట్టేవారికి ఒక లెక్కలోది కాదు. కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలోని సత్యభామ అతిశయాన్నీ అలకనూ ఏడేళ్ల పిల్ల చూపించిన మేరకు చూపగలదు గానీ, తెలిసి అభినయించేది కాస్త లోకం చూసిన పిల్లే. 1904లో పుట్టిన రుక్మిణీదేవి అరండేల్ భరతనాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి. 1935లో తొలి ప్రదర్శన ఇచ్చి, మరుసటి ఏడాదే కళాక్షేత్ర అనే నాట్య విద్యాలయాన్ని స్థాపించారు. అంతకుముందు కొంత బ్యాలే నేర్చుకున్న మాట వాస్తవమే అయినా, మన పిల్లలకు చెప్పదగిన ఉదాహరణ అది.

మగపిల్లలైతే అడగడానికే సిగ్గుపడుతున్నారు. కూచిపూడి తరతరాలుగా మగవారే ఆడిన కళ అనీ, సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మగారే గుర్తుకొచ్చేంతగా స్త్రీ వేషం వెలిగిందనీ వారికి చెప్పేవారు ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. చేర్చిన రోజే 'రంగప్రవేశం ఎప్పుడు చేయిస్తారు?' అని అడగకండి. ఆ ప్రశ్న వల్లే కొందరు గురువులు వయసు వచ్చిన పిల్లలను తీసుకోవడానికి వెనకాడుతున్నారని నా అనుమానం. వేదిక ఎక్కకపోయినా, తాళం తప్పకుండా అడవులన్నీ చేయగలిగితే నేర్చుకున్నట్టే.

వేళల చిక్కు వేరే ఉంది. తరగతులు చాలావరకు సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో జరుగుతాయి, ఇంటర్ పిల్లలు కాలేజీ, ట్యూషన్ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. విజయనగరంలో 1919 నుంచి నడుస్తున్న సంగీత, నృత్య కళాశాల ఉన్నా, సుమారు 60 కిలోమీటర్లు రోజూ వెళ్లి రావడం వీరికి సాధ్యం కాదు. ఆదివారం ఉదయం పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వారికి మాత్రమే ఒక బ్యాచ్ నడిపితే చాలావరకు ఈ చిక్కు తీరుతుంది. పెళ్లిళ్లు, ఫంక్షన్లు లేని ఆదివారాల్లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) తన సామాజిక భవనాలను నామమాత్రపు అద్దెకు నాట్య గురువులకు ఇస్తే, ఫీజు కూడా సామాన్యులకు అందుబాటులోకి వస్తుంది.

చాలామంది గురువులు విజయదశమి నాడు కొత్తవారికి పాఠం మొదలుపెడతారు. ఈసారి బోర్డులు రాయించేటప్పుడు 'పదమూడేళ్లు దాటిన కొత్తవారికి విడిగా తరగతులు' అన్న వాక్యం కూడా రాయించమని వారిని కోరుతున్నాను. మా మనవరాలు ఇప్పటికీ చేరడానికి సిద్ధంగానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం