రీగర్స్‌బుర్గ్ కోట ట్రిప్ జమా ఖర్చులు, ఆ 90 యూరోల సంగతి కూడా

అందరికీ నమస్కారం. మొన్న మే నెలలో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నుంచి మన తెలుగు ఫ్యామిలీలు, స్టూడెంట్స్ కలిసి వెళ్ళొచ్చిన రీగర్స్‌బుర్గ్ కోట ట్రిప్ లెక్కలు ఇవి. రెండు వారాలు లేటయింది, ఏమనుకోకండి, బస్సు ఫైనల్ బిల్లు చేతికొచ్చాకే రాద్దామని ఆగాం. బిల్లులన్నీ ఫైల్‌లో పెట్టి ఉంచాం, ఎవరడిగినా చూపిస్తాం.

ముందు జమ. పెద్దవాళ్ళు 26 మంది, తలకి 45 చొప్పున 1,170 యూరోలు. స్టూడెంట్స్ 9 మంది, 25 చొప్పున 225. పిల్లలు 12 మంది, 15 చొప్పున 180. వసూలైంది మొత్తం 1,575. దీనికి ఉగాది ఫంక్షన్‌లో మిగిలిన 137.40 కలిపాం కాబట్టి మన చేతిలో ఉన్నది 1,712.40.

ఖర్చు చూస్తే బస్సుకి మాట్లాడుకున్నది 780, వెయిటింగ్ కింద పైన పడింది 90. కోట టికెట్లు, మ్యూజియం, గైడ్ అన్నీ కలిపి 538. కోట కథ చెప్పే తెలుగు బుక్‌లెట్ 40 కాపీలకి 126. పులిహోర, పెరుగన్నం, పళ్ళు, పిల్లల జ్యూసులకి సరుకులు 148.60 (వండిన వాళ్ళు ఒక్క యూరో కూడా తీసుకోలేదు, వాళ్ళకి అందరి తరఫునా థ్యాంక్స్). నీళ్ళ బాటిళ్ళు, ఫస్ట్ ఎయిడ్ 22.30. అంతా కలిపి 1,704.90, మిగిలింది 7.50.

ఇప్పుడు అసలు విషయం. ఉగాది డబ్బులు పండగ కోసం ఇచ్చాం కదా, కోట ట్రిప్‌కి ఎందుకు వాడారు అని కొందరు అడిగారు, బుక్‌లెట్, గైడ్ అవసరమా, ఎవరికి వాళ్ళు ఫోన్‌లో చూసుకునేవాళ్ళు కదా అని కూడా అన్నారు. అడగడం న్యాయమే. ముందే అందరికీ చెప్పి వాడాల్సింది, చెప్పలేదు, అది కమిటీ పొరపాటు. కానీ ఆ రెండు ఖర్చులూ దండగ అని మాత్రం మేం అనుకోవట్లేదు, ఎందుకో చెప్తాం.

ఇక్కడ మనలో చాలామందికి ఆఫీసు జర్మన్ వచ్చు, కోట గోడల మీద రాసిన పాత జర్మన్ రాదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అసలే రాదు. ఉత్తినే చూస్తే అది కొండ మీద ఇంకో పెద్ద బిల్డింగ్, ఫోటో దిగి వచ్చేస్తాం. కథ తెలిస్తే వేరు. కోట పేరు మొదట దొరికేది 1138లో, అది నిలబడ్డది ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం మిగిల్చిన రాయి మీద, సముద్ర మట్టానికి 482 మీటర్ల ఎత్తులో, చుట్టూ చదునుగా పొలాలు ఉండటం వల్ల రోడ్డు మీద నుంచి చాలా దూరానికే కనబడిపోతుంది. మోకాళ్ళ నొప్పి వల్ల లిఫ్టులో పైకి వచ్చిన ఒక అమ్మగారిది భువనగిరి, పైనుంచి కిందకి చూసి మా ఊరి గుట్ట గుర్తొచ్చింది నాయనా అన్నారు, ఆవిడ చేతిలో బుక్‌లెట్ సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఈ కోటని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఒక ఆడమనిషి అని మనలో ఎంతమందికి తెలుసు? కతరీనా ఎలిజబెత్ ఫొన్ గాల్లర్, 1607లో పుట్టింది, 1672లో పోయింది, అక్కడి వాళ్ళు గాల్లరిన్ అనే అంటారు. తుర్కుల దండయాత్ర భయం ఉన్న రోజులు అవి. ఆవిడ రాయి చుట్టూ 3 కిలోమీటర్ల గోడ, 11 బురుజులు, పైకి వెళ్ళే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా 7 ద్వారాలు ఉండేలా కోటని బలపరిచింది. దీని కిటుకు నడిస్తేనే తెలుస్తుంది. ఒక ద్వారం దాటాం అనుకునేసరికి మళ్ళీ ఎక్కుడు, మళ్ళీ గోడ, పైన బురుజు, శత్రువు ఒక గుమ్మం పగలగొట్టినా లోపలికొచ్చి ఇంకో గుమ్మం ముందు ఇరుక్కుంటాడు, పైనున్న వాళ్ళకి ఎదురుగా దొరికిపోతాడు. రాయిని తొలిచి చేసిన కందకాలు కూడా అందుకే.

ఒక ద్వారం దగ్గర గైడ్ ఆగి పైన చెక్కిన అక్షరాలు చదివి వినిపించింది. 1653 నాటిది, గాల్లరిన్ మాటలే. పదహారేళ్ళలో నేను ఇక్కడ కట్టించింది కళ్ళకి కనబడుతూనే ఉంది, ఒక్క హెల్లర్‌కి కూడా నాకు బాధ లేదు, దేశం మంచికే చేశాను అని దాని అర్థం. హెల్లర్ అంటే చిల్లర నాణెం, మన దమ్మిడీ అనుకోండి. పెట్టిన ఖర్చుకి లెక్క చెప్పినట్టు గుమ్మం మీదే చెక్కించిందన్నమాట. గైడ్ లేకపోతే దాని కింద నుంచే నడిచి వెళ్ళిపోయేవాళ్ళం, తల కూడా ఎత్తేవాళ్ళం కాదు.

లోపల హాల్లో కిటికీ అద్దం మీద ఎవరో గీకిన రాత ఉంది, 1635 ఏప్రిల్ 6న తాగుడు మొదలై 26 దాకా రోజూ మత్తే అని. స్టూడెంట్స్ అక్కడి నుంచి కదలలేదు. దాని తర్వాత మంత్రగత్తెల మ్యూజియం, అక్కడ మాత్రం అందరూ సైలెంట్ అయిపోయారు. కోట వ్యవహారాలు చూసే అధికారి భార్య కతరీనా పాల్డౌఫ్‌ని చలికాలంలో పూలు పూయిస్తోందని, మంత్రగత్తె అని 1675లో చంపేశారు. ఒక పాప పూలు పూయిస్తే తప్పేంటి అని వాళ్ళమ్మని అడిగింది, ఆవిడ దగ్గర జవాబు లేదు, మా దగ్గరా లేదు.

ఇక 90 యూరోలు. ఎక్కడానికి అరగంట చాలనుకున్నాం, ముసలివాళ్ళు, చంటిపిల్లలతో ఏడు ద్వారాలు దాటేసరికి గంట దాటింది. పైన లోపలి ప్రాంగణంలో పాత బావి ఉంది, దాని మీద తీగలు తీగలుగా మెలితిప్పిన ఇనప పందిరి, ఆ తీగల్లో ఎక్కడో ఒక గుర్రపు నాడా కలిసిపోయి ఉంటుంది, వెతికి పట్టుకున్న వాళ్ళకి అదృష్టం అంటారు. పన్నెండు మంది పిల్లలూ దాని చుట్టూ చేరారు, వేలితో ఒక్కో తీగా తడుముతూ, ఒకడు నాడా కనబడిందని అరిస్తే మిగతా వాళ్ళు నాకు చూపించు నాకు చూపించు అని. లాక్కురావడానికి ఎవరికీ మనసొప్పలేదు. బస్సు దగ్గరికి వచ్చేసరికి చెప్పిన టైం కంటే గంటన్నర లేటు. బస్సు వాళ్ళు చేసుకున్న ఒప్పందం ప్రకారమే వేశారు, వాళ్ళని అనడానికి లేదు. టైం లెక్క తప్పు వేసింది కమిటీలోని మేం ముగ్గురం.

అందుకే ఆ 90 మేమే తలా 30 వేసుకుని ఉగాది ఫండ్‌లో తిరిగి కట్టేశాం. పైన రాసిన 7.50తో కలిపి ఇప్పుడు నిల్వ 97.50. అంటే ఉగాది డబ్బులో ట్రిప్‌కి నికరంగా వాడింది 39.90 మాత్రమే, అది బుక్‌లెట్ ఖర్చులోకి వెళ్ళిందని రాసుకోండి. ఇది కూడా వద్దనుకునే వాళ్ళు ఉంటే చెప్పండి, దసరా మీటింగ్‌లో అందరి ముందు మాట్లాడుకుందాం, ఇకపై ఒక ఫండ్‌లోది ఇంకోదానికి వాడాలంటే ముందు అడిగాకే.

బుక్‌లెట్లు 13 మిగిలాయి. ట్రిప్‌కి రాలేకపోయిన వాళ్ళు అడిగి తీసుకోండి, డబ్బులేం ఇవ్వక్కర్లేదు. నాలుగో పేజీలో కోట ద్వారాల వరస తప్పు పడింది, రెండోది మూడోది తారుమారయ్యాయి, పెన్నుతో దిద్ది ఇస్తున్నాం, ముందే తీసుకెళ్ళిన వాళ్ళు కూడా దయచేసి దిద్దుకోండి.