మక్క చేనులో టేపు పట్టుకుని

ఒరేయ్ శీనుగా,

ఫోన్ చేస్తే ఎప్పుడూ మీటింగ్ అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

బాయి కాడి రెండెకరాల్లో ఈ యాసంగి మక్క వేశామని చెప్పాను కదా. మొన్న ఒక బేరగాడు వచ్చాడు. గట్టు మీద నిలబడి, సిగరెట్ సగం కాలకముందే, "ఎకరానికి 25 క్వింటాళ్లు దాటవు, చేను మీదనే గుత్తగా ఇచ్చెయ్యండి" అన్నాడు. మా బాపు అదే గట్టు మీద నుంచి "35కు ఒక్క గింజ తగ్గదు" అన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ చేన్లోకి దిగలేదు! 10 క్వింటాళ్ల తేడా అంటే 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 లెక్కన ఎకరానికి 24 వేలు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

తెల్లారి టేపు, నోటుబుక్కు పట్టుకుని నేనే దిగాను. ఎకరంలో వెయ్యో వంతు కొలిచి అందులో కంకులు లెక్కపెట్టాలి, అంతే. మా సాళ్ల మధ్య రెండడుగులు కాబట్టి ఒక సాలు వెంట 21 అడుగుల 9 అంగుళాలు కొలిస్తే వెయ్యో వంతు అవుతుంది. కష్టమంతా ఎక్కడ కొలవాలన్నదే. కాళ్లు వాటంతట అవే ఏపుగా ఉన్న వైపు పోతాయిరా! చివరికి అరవై అంగలు లెక్కపెట్టి, ఆగిన చోటే టేపు వేశాను. ఐదు చోట్ల 29, 31, 27, 28, 18 వచ్చాయి. ఆ 18 వాగు వైపుది, అడవి పందులు పడి తొక్కిన చోటు. రాయడానికి చెయ్యి రాలేదు. అది వదిలేస్తే సగటు దాదాపు 29. కానీ పందులు తొక్కింది కూడా మన చేనే కదా. రాస్తే 26.6కి దిగింది, అంటే ఎకరానికి 26,600 కంకులు.

తర్వాత ప్రతి ఐదో కంకి పొట్టు ఒలిచి గింజలు లెక్కపెట్టాను. చిన్నప్పుడు అన్ని కంకులు కాల్చుకు తిన్నాం, ఎప్పుడైనా గమనించావా? వరుసలు ఎప్పుడూ సరి సంఖ్యే: 12, 14, 16. కంకి మీద పూలు జంటలుగా పుట్టడం వల్ల అట్లా వస్తాయట. మా కంకులకు ఎక్కువగా 14. వరుసకు 29 గింజలు పడ్డాయి, కొసన నిండని తాలు గింజలు లెక్కలోకి తీసుకోలేదు. పీచు వేసే టైములో మోటరు కాలి ఆరు రోజులు నీళ్లు పెట్టలేదు. ఆ ఆరు రోజులూ ప్రతి కంకి కొసన అంగుళం మేర బోడిగా కనిపిస్తున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

కంకికి 406 గింజలు, ఎకరానికి కోటీ 8 లక్షలు. వెయ్యి గింజలు 250 గ్రాములు తూగితే 27 క్వింటాళ్లు. 220 తూగితే 24 కూడా దాటదు, 280 అయితే 30. ఇక్కడే టెన్షన్. గింజ కంకికి అతుక్కునే మొదలు దగ్గర గోరుతో గీకితే నల్ల మచ్చ కనిపించాలి, అప్పుడు పాలు పోసుకోవడం ఆగినట్టు. మా దాంట్లో సగం గింజలకు ఇంకా మచ్చ పడలేదు, కాబట్టి ఇంకొంచెం బరువెక్కుతాయి. ఇదంతా 14 శాతం తేమ మీద లెక్క. 25 శాతం తేమతో తూకం వేసిన క్వింటాలు ఎండితే 87 కిలోలే.

నోటుబుక్కు బాపుకి చూపించాను. ఓ గింజ కొరికి, ఉమ్మేసి, "నీ లెక్కల పందులు ఎక్కువున్నయిరా" అన్నాడు. కానీ బేరగాడికి మాత్రం ఇవ్వలేదు, ఆరబెట్టి మేమే అమ్ముతాం.

ఇప్పుడు ఇంట్లో పందెం నడుస్తోంది. బాపు 33కు దిగాడు, నేను 27 మీదే ఉన్నా. ఓడినవాడు నాటుకోడి కొయ్యాలి. ఇంకో పదిహేను రోజుల్లో కంకులు విరుస్తాం, రెండు రోజులు సెలవు పెట్టి రా. ఈలోపు నీ అంకె కూడా చెప్పు. చేను చూడకుండానే చెప్పు, ఆ బేరగాడిలాగా.

నీ
రాజిగాడు